నిమ్మరసము, నిజాంపట్నము, పంచ్ పాత్ర

ఈస్టిండియా కంపెనీ కొలువులోనుండిన రాబర్ట్ ఆడమ్స్ అను ఆంగ్లేయుడు 1632వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన థామస్ కోలీ అను వర్తకునకు ఉత్తరము వ్రాయుచు, అందు మాటవరుసకు పంచ్ అను పానీయమును పేర్కొనెను. ఆంగ్లభాషలో ఆ పానీయపు పేరు వ్రాతకెక్కుట, ఇంతవఱకు తెలిసినంతలో, అదియే మొదలు. ఆ ఉత్తరము చేరవలసిన చోటు లండను కాదు, కలకత్తా కాదు. ఆంగ్లేయులు తమ నోటికి అలవడినట్లు పెటపోలి యని వ్రాసికొనిన మన నిజాంపట్నము. నేడు బాపట్ల జిల్లాలో చేపల రేవుగా నున్న ఆ యూర 1611లోనే గ్లోబ్ అను ఓడ కంపెనీ వర్తకులను దింపిపోయెను. ఈనాడు లోకమున పెద్ద పెద్ద హోటళ్లలో రంగురంగుల గాజుపాత్రలలో వచ్చి కూర్చుండు నిమ్మజాతి పానీయములకెల్ల మూలపురుషుడని చెప్పదగిన పంచ్, తన పేరు మొదటిసారి కాగితముమీద చూచుకొన్ననాడు తెలుగు గడ్డకు ప్రయాణమైయుండెనన్నమాట.

ఆ పానీయము పుట్టుటకు కారణము రుచిమీది మోజు కాదు, అవసరము. యూరపునుండి బయలుదేరిన ఓడలలో బీరును ద్రాక్షసారాయమును పీపాలకొలది ఎక్కించెడివారు. కాని ఆఫ్రికాను చుట్టి, భూమధ్యరేఖను రెండుమారులు దాటి, మాసముల తరబడి ఉక్కలో మగ్గి, అవి ఈ యొడ్డు చేరునప్పటికి కొన్ని పులిసిపోయియు, కొన్ని చెడిపోయియు, తక్కినవి అయిపోయియు ఉండెడివి. అప్పుడా నావికులు చుట్టును కలయజూడగా కనబడినవి కల్లునుండియు బెల్లమునుండియు కాచిన నాటుసారా, దాని ఘాటును విఱుచుటకు పెరటి నిమ్మకాయ, నిమ్మకాయ పులుపును మెత్తపఱచుటకు పంచదార, అన్నిటిని పలుచన చేయుటకు నీరు, పైకి వాసన తేలుటకు జాజికాయ. సూరతులో 1638లో నుండిన మాండెల్‌స్లో అను జర్మను యాత్రికుడు సారా, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసము, పంచదార కలిపిన పానీయమును అచ్చటి ఆంగ్లేయులు త్రాగుచుండిరని వ్రాసెను. బంగాళమును చూచివచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, సారాలో నిమ్మరసమును నీటిని కొంచెము జాజికాయను చేర్చి త్రాగు ఆచారమును వర్ణించి, నోటికి హితవుగానున్నను ఒంటికి మిక్కిలి చేటని హెచ్చరించెను. వైద్యుడు తప్పుపట్టినది అందలి సారానే గాని నిమ్మకాయను గాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఓడలతోపాటు పంచ్ ఇంగ్లండు చేరినది. చీనాదేశపు పింగాణి గిన్నెలలో పెద్దయిండ్ల మేజాలమీదికెక్కినది. సారాకు బదులు కరీబియను దీవుల రమ్మును పుచ్చుకొన్నది. ఆ రమ్మును, ఆ పంచదారయు ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసల చెమటతో నెత్తుటితో తయారైనవను సంగతి ఆ గిన్నె చుట్టును చేరినవారిలో తలచుకొన్నవారు మిక్కిలి తక్కువ. ఆమీద ఒక్క పెద్ద గిన్నెలో పదుగురికి కలుపు పద్ధతి తగ్గి, మనిషికొక గ్లాసు చొప్పున అప్పటికప్పుడు కలుపు పద్ధతి అమెరికాలో ప్రబలెను. కాక్‌టెయిల్ అనగా నేమో 1806లో న్యూయార్కు రాష్ట్రమందలి హడ్సను పట్టణపు పత్రిక యొకటి మొదట వివరించినపుడు చెప్పినవి మద్యము, పంచదార, నీరు, చేదు మూలికల సారము మాత్రమే. అందు నిమ్మకాయ ఊసే లేదు. పులుపు పంచ్ కుటుంబపు సొత్తు. కాలక్రమమున రెండు వంశములును కలిసిపోయి, నేడు నిమ్మరసమో నారింజరసమో చేరిన రంగు పానీయమునెల్ల లోకులు కాక్‌టెయిల్ అనియే పిలుచుచున్నారు. మద్యము లేనిదానికి మాక్‌టెయిల్ అని ఎగతాళి పేరొకటి పెట్టియున్నారు.

ఎగతాళికి తగినంత లోపము అందున్నదా యని విచారింపవలసియున్నది. నిజాంపట్నమున్న ఈ కోస్తాలోనిదే యైన నెల్లూరు సీమలో, దూబగుంట యను పల్లెయందు, అక్షరాస్యతా తరగతులలో చదువుకొనుచుండిన స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించిరి. ఆ పట్టుదల జిల్లాలు దాటి ప్రాకగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారాను నిషేధింపవలసివచ్చెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినను, ఆనాటి స్త్రీల తీర్పు తెలుగు ఇండ్లలో నేటికిని పలుకుచునేయున్నది. పెద్దలు, పిల్లలు, వ్రతములవారు, మందులు వాడువారు కలిసి కూర్చుండు ఇంటి పందిటిలో అందఱి చేతులకు ఒక్క పానీయమే అందవలెనన్నచో అందు సారా ఉండదగదు. అయితే సారాను తీసివేసి తక్కినదానిని అట్లే ఉంచినచో మిగులునది పలుచని తీపినీరే. ఏలయనగా మద్యము పంచ్‌లో మూడు పనులు చేయుచుండెను: పండ్ల పరిమళమును తనలో కరిగించుకొని ముక్కుకు అందించుట ఒకటి, గొంతున కొంచెము చుఱుక్కుమనిపించుట రెండు, తీపి నాలుకకు మొగము మొత్తకుండ అడ్డుపడుట మూడు. ఈ మూడు పనులకును వేఱు పనివాండ్రను కుదుర్చుకొన్నచో మద్యము లేదను లోటు ఎవరికిని తోపదు. మొదటి పనికి తొక్కలోని తైలమును, రెండవ పనికి అల్లమును మిరియమును, మూడవ పనికి పలుచని తేయాకు కషాయపు వగరును నియమించుటయే ఈ వ్యాసమున చెప్పబోవు విధానము. పంచ్‌లో టీ పోయుట క్రొత్త కల్పన గాదు. ఇంగ్లండులోను అమెరికాలోను పాతకాలపు వంటకాలలో అది మామూలు.

ముందుగా పండ్లమాట. నిమ్మజాతి అంతయు హిమాలయముల ఆగ్నేయపు దిగువలలో, అస్సామునకును బర్మా ఉత్తరభాగమునకును చీనా నైరుతిమూలకును నడుమ పుట్టి ప్రాకినదని, 2018లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది. పంపర పనస, మాదీఫలము, కమలా జాతి అను మూడు పురాతన వంశముల సంకరములే మనము బజారులో చూచు పండ్లలో ఎక్కువభాగము. బత్తాయి, పేరునకు మోసంబి యని కొందఱు పిలిచినను, శాస్త్రదృష్టిలో తీపినారింజయే. పంపర పనసకును కమలా జాతికిని పుట్టిన సంతతి. మన చిన్న గుండ్రని నిమ్మకాయకు తండ్రివంక మాదీఫలము. రుచుల భేదము ఈ వంశభేదమునుండియే వచ్చును: నిమ్మరసములో నూటికి ఆఱు పాళ్లవఱకు సిట్రిక్ ఆమ్లముండగా, బత్తాయిరసములో అది ఒక పాలైన నుండదు. కావున పులుపు పని నిమ్మకాయది, పండుదనపు పని బత్తాయిది, సువాసన పని కమలాది అని పంచిపెట్టుకొనుట మేలు. ఒక్క పండుతోనే అన్ని పనులును చేయింపబోవుట వలననే ఇండ్లలో చేయు పానీయములు ఒకపట్టున నాలుక కోసికొనిపోవునంత పులుపుగనో, ఒకపట్టున చప్పిడిగనో తయారగుచున్నవి.

ఈ విషయమున తెలుగువారు అదృష్టవంతులు. గూడూరులోను తెనాలిలోను ఏలూరులోను నిమ్మకాయలకు ప్రత్యేకముగ బజారులు కలవు. బత్తాయికి అనంతపురమును నల్లగొండయు పెట్టినది పేరు. తిరుపతిలోని పరిశోధన కేంద్రమునుండి బాలాజీ యను నిమ్మ రకమును, వెంకటగిరి చెంతనున్న పెట్లూరునుండి మఱియొక రకమును రైతులకు అందినవి. కొనునపుడు నిమ్మకాయ తొక్క పలుచగా, నునుపుగా, లేత పసుపుగా ఉండి చేతికి బరువు తోపవలెను. గరుకు తొక్క, తేలిక బరువు రసము లేదనుటకు గుర్తులు. బత్తాయి పైకి పచ్చగనున్నంత మాత్రమున కాయ యని తోసివేయరాదు. మన వెచ్చని నేలలో అది లోపల పండియు పైని పచ్చగనే యుండును. విదేశములనుండి వచ్చి నిగనిగ మెఱయు నారింజలమీద మైనము పూసియుందురు గనుక, తొక్క వాడదలచినవారు వానిని గోరువెచ్చని నీటిలో రుద్ది కడుగవలెను. తోటనుండి నేరుగ వచ్చిన కాయ దొరకినచో దానికి మించినది లేదు.

ఇక తొక్క. నిమ్మకాయ పిండి తొక్కను పారవేయు ఇల్లాలు పండులోని సగము విలువను పారవేయుచున్నదని ఆమెకు తెలియదు. తొక్కను వెలుతురులో పెట్టి దగ్గఱగా చూచినచో పైపొరనిండ సూదిమొనలంతేసి చుక్కలు కనబడును. అవి తైలపు తిత్తులు. తాజా నారింజ తొక్క ముక్కను వ్రేళ్లతో మడిచి దీపశిఖకు ఎదురుగ నొక్కినచో సన్నని తుంపర యెగిరి చిటపటమని వెలుగును. మండినది ఆ తైలమే. నారింజ తొక్క తైలములో నూటికి తొంబది పాళ్లకు మించి లిమొనీన్ అను పదార్థముండును. పండును చూడకయే వాసనబట్టి ఇది నారింజ యని మనము గుర్తుపట్టుటకు అందున్న తక్కిన కొద్దిపాళ్ల ద్రవ్యములు తోడ్పడును. ఈ తైలము నీటిలో కరగదు. కనుకనే ఎంత రసము పోసినను పానీయమునకు పండు వాసన పూర్తిగ పట్టదు. పాతకాలపు పంచ్ నేర్పరులు దీనికొక ఉపాయము కనిపెట్టిరి: గట్టి పంచదార దిమ్మతో నిమ్మతొక్కను రుద్ది, ఆ తైలమును పంచదారకు పట్టించెడివారు. 1862లో అమెరికాలో పానీయముల కలయికపై గ్రంథము ప్రకటించిన జెర్రీ థామస్ సైతము మంచి పంచ్‌కు ఇదియే ఆయువుపట్టని చెప్పియున్నాడు. మన వంటింటిలో పంచదార దిమ్మ లేకున్నను పప్పుగుత్తి యున్నది, అది చాలును.

ఎనిమిదిమందికో పదిమందికో సరిపడునట్లు చేయు క్రమమిది. నిమ్మకాయలు 10, బత్తాయిలు 8, కమలాలు 2, పంచదార 200 గ్రాములు సమకూర్చుకొనుడు. పండ్లను కడిగి తడిలేకుండ తుడిచి, ఆఱు నిమ్మకాయల పైతొక్కను తురుముపీట సన్నని వైపున తేలికగ ఒకటి రెండుమారులు మాత్రము త్రిప్పి తీయుడు. రెండు బత్తాయిల పైపొరను చెక్కుతీయు కత్తితో పలుచగ చెక్కుడు. రెండు కమలాల తొక్కను వలిచి, లోపలి తెలుపును చెంచాతో గీకి పాఱవేసి, ముక్కలు చేయుడు. లోపలి తెల్లపొర చేదు. అది రవ్వంత చేరినను పానీయమంతయు దానిమాటే వినును. ఈ తొక్కలను పంచదారతో కలిపి గాజుగిన్నెలోగాని పింగాణిగిన్నెలోగాని వేసి, చెక్క పప్పుగుత్తితో ఐదారు నిమిషములు అదిమి, మూతపెట్టి నాలుగు గంటలు కదపక యుంచుడు. పంచదార తొక్కలోని తేమను తైలముతోసహా పైకి లాగును. మొదటి గంటలో పలుకులు తడిసి ముద్దయగును. రెండవ గంటకు గిన్నె అంచున పసిడిరంగు నీరు ఊరును. నాలుగవ గంటకు తొక్కలు వడలి ముడుతలుపడి, వాని నడుమ చిక్కని పాకము నిలుచును. మూత తీసిన క్షణమున ఆ గదిలోనున్నవారెవరైనను వెనుదిరిగి చూడకుండరు.

తొక్కలు ఊరునంతలో రెండువందల మిల్లీలీటర్ల వేడినీటిలో ఒక చెంచాడు టీపొడి వేసి మూడు నిమిషములకు వడగట్టి చల్లార్చుకొనవలెను; అంతకుమించి నానినచో వగరు హద్దు మీఱును. నిమ్మరసము పడగానే టీ రంగు తేలిపోయి లేత తేనెరంగగును గనుక పానీయపు రంగు చెడునను భయము వలదు. నాలుగు ఏలకులు, ఎనిమిది మిరియములు కచ్చాపచ్చాగ దంచి, ఒక చెంచాడు అల్లపు రసముతో ఆ కషాయము చల్లారకముందే అందు వేసియుంచినచో వాని సారము దిగును. శ్రీరామనవమి పానకమునకు మన యిండ్లలో మిరియమును ఏలకులును దంచి వేయుట ఎల్లర మెఱుగుదుము; మంగళగిరి పానకాలస్వామికి నిత్యమును అర్పణమగునది బెల్లపు పానకమే. తీపిపానీయమునకు కారము ఎంత అందమిచ్చునో నేర్చుకొనుటకు మనము సముద్రములు దాటనక్కఱలేదు.

పండ్లను కడపటికి పిండవలెను. నిమ్మరసము 150 మిల్లీలీటర్లు, బత్తాయిరసము 600 మిల్లీలీటర్లు కావలెను. బత్తాయి విషయమున రెండు జాగ్రత్తలు. ఒకటి, గింజలు నలుగరాదు. పండును తొక్కతోను గింజలతోను కలిపి మిక్సీలో వేయుట కూడదు. రెండు, రసము తీసి గంటలకొలది నిలువ చేయరాదు. తీసినపుడు తియ్యగనున్న బత్తాయిరసము మధ్యాహ్నమునకు చేదెక్కుట అందఱికి అనుభవమే. పండుపొరలలో చేదులేని రూపమున నుండిన పదార్థమొకటి, పొర చిట్లి పుల్లని రసముతో కలిసినపుడు మెల్లమెల్లగ లిమొనిన్ అను చేదుపదార్థముగ మాఱుటయే దానికి కారణము. అట్లే, పుల్లని రసములను ఇత్తడిపాత్రలలోగాని రాగిపాత్రలలోగాని పోయరాదు; కిలుము దిగును. గాజు, పింగాణి, స్టీలు ఇందుకు తగినవి.

ఇప్పుడు తొక్కల గిన్నెలో ముందుగా నిమ్మరసమును పోసి, పంచదార అంతయు కరగువఱకు కలియబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టి తొక్కలను గట్టిగ పిండుడు. అందు బత్తాయిరసము, వడగట్టిన టీకషాయము, చల్లని నీరు అరలీటరుకు కొంచెము పైగా చేర్చి, చిటికెడు ఉప్పు వేయుడు. ఉప్పు నాలుకకు తెలియరాదు. తెలియనంత వేసినచో చేదును అణచి తీపిని పైకి తెచ్చును. తీపి చాలినదో లేదో తూచునపుడు ఒక సంగతి మఱవరాదు: చల్లబడినకొలది తీపి తక్కువగ తోచును, మంచు కరగినకొలది పానీయము పలుచబడును. కావున గది వెచ్చదనమున రుచి చూచినపుడు ఆవంత చిక్కగను ఆవంత తియ్యగను ఉన్నచో వడ్డించువేళకు సరియగును. పూర్వపు పంచ్‌కు పులుపొకపాలు, తీపి రెండుపాళ్లు, మద్యము మూడుపాళ్లు, నీరు నాలుగుపాళ్లు అని కరీబియను దీవులలో ఒక కొలత చెప్పుకొనెడివారు. అంత తీపి మద్యపు ఘాటును మఱపించుటకే. మద్యము లేనిచోట అంత అక్కఱలేదు.

రంగుమాటకు వత్తము. అంగడిలో దొరకు కృత్రిమవర్ణములు సీసాలలోనే యుండనిండు. పెరటిలోని రెండు వస్తువులతో పలురంగుల గ్లాసు సిద్ధింపగలదు. మొదటిది దానిమ్మ. అరలీటరు దానిమ్మరసమును 150 గ్రాముల పంచదారతో సన్నని సెగపై సగమగువఱకు మరిగించి చల్లార్చినచో కెంపురంగు పాకము సిద్ధమగును. రెండవది శంఖపుష్పము. మందులు చల్లని తీగనుండి కోసి ఎండబెట్టిన నీలిపూలు ఒక ఇరువదింటిని ఒక కప్పు వేడినీటిలో పదినిమిషములు నానబెట్టి వడగట్టినచో సిరారంగు కషాయము దిగును. దానికి తనదైన రుచి లేదనవచ్చును. ఆ నీలమును కలిగించు ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యము ఆమ్లము తగులగానే ఊదాయై, ఇంకను తగిలినచో గులాబియగును. వంటిల్లును ప్రయోగశాలను చేయు ఈ గుణము క్రొత్తగ కనిపెట్టబడినది గాదు. వయొలెట్ పూల పాకము ఆమ్లముతో ఎఱ్ఱబడుటయు క్షారముతో పచ్చబడుటయు రాబర్ట్ బాయిల్ అను శాస్త్రజ్ఞుడు 1664లో ప్రకటించిన వర్ణములనుగూర్చిన గ్రంథమున వివరించియున్నాడు.

పొరలు నిలుచుటకు కారణము బరువు. పంచదార ఎక్కువగనున్న ద్రవము బరువై అడుగున నిలుచును, తక్కువగనున్నది నడుమ, ఏమియు లేనిది పైన. పొడవైన గాజుగ్లాసులో మంచుముక్కలు వేసి, ముప్పాతికవఱకు పంచ్ పోసి, రెండు చెంచాల దానిమ్మ పాకమును గ్లాసు అంచువెంబడి మెల్లగ జాఱవిడిచినచో అది ఎఱ్ఱని తీగయై దిగి అడుగున పఱచుకొనును. చెంచాను బోర్లించి మంచుముక్కకు ఆనించి, దాని వీపుమీదుగ చల్లని శంఖపుష్ప కషాయమును బొట్టుబొట్టుగ పోసినచో అది పైననే తేలును. అడుగున కెంపు, దానిమీద నారింజవన్నె, ఆపైని పసిమి, పైన నీలము. నీలము పులుపును తాకినచోట ఊదారంగు గీతయొకటి ఏర్పడి, చూచుచుండగనే గులాబిరంగు మడతలై క్రిందికి దిగును. 1970లలో కాలిఫోర్నియాలోని సాసలిటోలో పేరుపొందిన టెకీలా సన్‌రైజ్ అను కాక్‌టెయిల్‌లో నారింజరసపు అడుగున దానిమ్మ పాకము నిలుచుటయు ఈ బరువుల సూత్రమువలననే. త్రాగుటకు ముందు కలుపుకొనవలెనని అతిథికి చెప్పుట మఱవకుడు; లేకున్న మొదటిగుక్క చప్పగను తుదిగుక్క పాకముగను ఉండును.

సోడా వేయదలచినవారు దానిని వడ్డించుటకు ముందే, పెద్దపాత్రలోనే, అరలీటరు చేర్చి బుడగల పొంగు అణగినపిమ్మట పొరలు పోయవలెను. బుడగలు లేచుచుండగా పోసినచో రంగులన్నియు కలిసిపోవును. నీటిలో వాయువును ఇముడ్చు ఉపాయమును జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1772లో ప్రకటించెను. ఆ వాయువును గోలీతో బంధించు సీసాను హైరం కాడ్ అను ఆంగ్లేయుడు 1870లలో రూపొందించెను. పుట్టినచోట అది కనుమఱుగైనను మన బండ్లమీద నేటికిని బ్రతికియున్నది. చల్లనినీటిలో వాయువు ఎక్కువసేపు నిలుచును గనుక సీసాను బాగుగ చల్లబఱచి మూత తీయవలెను. మంచు విషయమున, చిన్నముక్కలకంటె ఒక గిన్నెడు నీటిని నిమ్మచక్రములతో గడ్డకట్టించి ఆ దిమ్మను పాత్రలో తేల్చుట మేలు. పెద్దదిమ్మకు పానీయము తగులు మేర తక్కువ గనుక నెమ్మదిగ కరగును. బోస్టనునుండి ఓడలో వచ్చిన మంచును 1833లో కలకత్తా చూచెను. అట్లు దిగుమతియైన మంచును దాచుటకు 1842లో కట్టిన ఐస్‌హౌసు, నేటి వివేకానందగృహము, చెన్నపట్టణపు సముద్రతీరమున ఇంకను నిలిచియున్నది. నాడు దొరలకే దక్కిన మంచు నేడు ప్రతియింటి ఫ్రిజ్‌లో దొరకుచుండగా పానీయము గోరువెచ్చగ నిచ్చుట అతిథికి అన్యాయము.

కొన్ని హెచ్చరికలు చెప్పక విడువరాదు. నిమ్మరసము అంటిన చేతులతో ఎండలోనికి పోరాదు. తొక్కలోని కొన్ని ద్రవ్యములు ఎండ తగిలినపుడు చర్మమును బొబ్బలెక్కించి నల్లమచ్చలు మిగుల్చును గనుక పని ముగియగానే సబ్బుతో కడుగుకొనవలెను. బత్తాయికి బదులు పంపర పనసరసము వాడదలచినవారు, ఇంట రక్తపోటునకో కొలెస్ట్రాలునకో మందులు వాడువారున్నచో వైద్యుని అడిగి మఱి వాడవలెను. ఆ పండు కొన్ని మందుల పాలును రక్తములో అధికము చేయును. మధుమేహమున్నవారికి ఇది పంచదార నీరేనని గుర్తుంచుకొని అరగ్లాసుతో తృప్తిపడుట మంచిది. మద్యము పుచ్చుకొను పెద్దలు ఇంట నుండి, అందులకు ఇంటివారి సమ్మతియు ఉన్నచో, 30 మిల్లీలీటర్ల రమ్ము వారి వారి గ్లాసులో వేఱుగ పోసికొనవచ్చునేగాని, అందఱికి ఉమ్మడిగ నున్న పాత్రలో నెన్నడును కలుపరాదు. తీపిచాటున మద్యము తెలియదు గనుక పిల్లలు త్రాగినను పసికట్టలేము. త్రాగినవారు ఆపూట బండి నడుపరాదను మాటకు మినహాయింపు లేదు.

పులుపు పండ్ల మేలును నావికులు తెలియకయే అనుభవించిరి. జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు 1747లో సాలిస్‌బరీ అను ఓడలో చిగుళ్లు వాచి నీరసించిన పన్నిద్దఱు రోగులను ఇద్దఱిద్దఱుగ విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసి చూడగా, నారింజలు నిమ్మపండ్లు తిన్న జంటయే అందఱికంటె ముందుగ కోలుకొన్నది. ఐనను బ్రిటిష్ నౌకాదళము నావికులందఱికి నిమ్మరసము నిచ్చుటకు 1795 రావలసివచ్చెను. అందలి గుణము విటమిన్ సి అని లోకము ఎఱుగుటకు ఇరువదవ శతాబ్ది రావలసివచ్చెను.

పంచ్ పాత్రనుండి సారాను తీసివేసిన తరువాత మిగులునది లోపము గాదు. మంచి పండు, మంచి తొక్క, తగిన పాళ్లు, నాలుగు గంటల ఓపిక మిగులును. ఈ నాలుగింటిలో డబ్బుతో కొనవలసినది పండొక్కటే. ఈ వేసవిలో చుట్టములు వచ్చెదరని కబురందిననాడు అంగడి సీసాలకై పోక, పొద్దుననే సంతకు పోయి నిమ్మకాయలు తెచ్చుకొనుడు; పిండుటకు ముందు పైతొక్క తీసియుంచుట మాత్రము మఱవకుడు.